పేర్పు పేజీకి దొరికిన ఆధారం

ఇంటర్నెట్‌లో పదిమందీ కలిసి రాసుకునే ఆ విజ్ఞాన సర్వస్వంలో మనవాడి పేరు కత్తెర. అసలు పేరు అక్కడ ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. పన్నెండేళ్ళుగా జీతం భత్యం లేకుండా అతను అక్కడ చేసే పని ఒకటే. ఎవరైనా తమ గురించి తామే పేజీ రాసుకుంటే పసిగట్టడం, పక్కన 'సొంత డబ్బా' అని రెండు ముక్కలు రాసి తీసేయించడం. తన కవితలకి తనే ముందుమాట రాసుకున్న పళ్ళ డాక్టరు, తన ట్యూషన్ సెంటర్ని విశ్వవిద్యాలయం స్థాయికి ఎత్తేసిన లెక్కల మాస్టారు, అందరూ అతని చేతిలో అయిపోయినవాళ్ళే. ఒకావిడ 'మా నాన్నగారి పేజీ ఉంచండి బాబూ, పుణ్యముంటుంది' అని బతిమాలుకుంది. 'మూడో మనిషి రాసిన ఆధారం చూపించండి, తప్పకుండా ఉంచుతాం' అని జవాబిచ్చాడు. ఆ జవాబు భలే కుదిరిందని ఇంకోసారి చదువుకున్నాడు కూడా.

అలాంటివాడి సొంత పేజీకి సోమవారం పొద్దున్నే తొలగింపు నోటీసు పడింది.

పేజీ 'పేర్పు' అనే ప్రోగ్రాము గురించి. అచ్చు పని తెలిసినవాళ్ళకి తప్ప దాని అవసరం ఎవరికీ అర్థం కాదు కాబట్టి కాస్త చెప్పుకోవాలి. పెద్ద కాగితం మీద ఈ వైపు ఎనిమిది, ఆ వైపు ఎనిమిది, మొత్తం పదహారు పేజీలు ఒకేసారి అచ్చవుతాయి. ఆ కాగితాన్ని మూడుసార్లు మడిచి కోస్తే ఒకటి నుంచి పదహారు దాకా వరసగా రావాలి. అలా రావాలంటే విప్పి ఉన్న కాగితం మీద ఒకటో పేజీ పక్కన పదహారోది ఉండాలి, సగం పేజీలు తలకిందులుగా ఉండాలి. ఒక్కటి తారుమారైనా పుస్తకం మొత్తం చిత్తుకాగితాల కిందే లెక్క. ఏ పేజీ ఎక్కడ ఉండాలో పేర్చి పెట్టేది పేర్పు. పైగా మడిచినప్పుడు లోపలి పేజీలు కాగితం మందాన్ని బట్టి కాస్త బయటికి తోసుకొస్తాయి. అవి ఎంత తోసుకొస్తాయో చూసి అంత మేరా లోపలికి జరుపుతుంది. ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకోవచ్చు, లోపల ఎలా రాశారో విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. చిన్న చిన్న ప్రెస్సులవాళ్ళు, చేత్తో పుస్తకాలు కుట్టేవాళ్ళు, ఒక జైల్లో బైండింగు నేర్పే మాస్టారు, అంతా కలిపి వెయ్యిమంది వాడతారేమో.

ఆ పేజీలో ఇలా ఉంది: 'బైండింగులో ఇరవై ఏళ్ళ అనుభవంతో ఆయన ఒంటరిగా రూపొందించారు.' ఆ 'ఆయన' దగ్గర కత్తెరగారి అసలు పేరు ఉంది. నిజానికి ఆయన జన్మలో ఒక్క పుస్తకం కుట్టలేదు. ప్రెస్సులో మేడమీద చల్లటి గదిలో కూర్చుని కంప్యూటర్లో పేజీలు దిద్దడం ఆయన ఉద్యోగం. బైండింగు షెడ్డు వెనకవైపు ఉంటుంది, జిగురు వాసన పడదని అటు పెద్దగా వెళ్ళేవాడు కూడా కాదు. పదమూడేళ్ళ కిందట వేరే పేరుతో ఒక ఖాతా తెరిచి, ఆ పేజీ రాసి, ఆ ఖాతాని మళ్ళీ ముట్టుకోలేదు. ఏడాది తర్వాత కత్తెర అన్న పేరుతో వచ్చి, సొంత డబ్బా కొట్టుకునేవాళ్ళ మీద పడ్డాడు. మనిషి తనలో ఉన్న రోగాన్నే ఊళ్ళో అందరికీ ఎందుకు వెతుకుతాడో నాకైతే అర్థం కాదు.

నోటీసు పెట్టింది గోరింక అని ఒక కొత్త ఖాతా, వచ్చి ఆర్నెల్లయినా కాలేదు. 'మూడో మనిషి రాసిన ఆధారం ఒక్కటీ లేదు. ఉన్న రెండు లింకులూ ప్రోగ్రాము సొంత సైటువే. చాలామంది వాడుతూ ఉండొచ్చు, కానీ వాడుతున్నారని ఎవరో ఒకరు రాసి ఉండాలి కదా. శనివారం మధ్యాహ్నం దాకా చూద్దాం' అని రాసింది. కత్తెర రెండుసార్లు చదివాడు. తప్పు పట్టడానికి ఒక్క ముక్క దొరకలేదు. ఈ వాక్యాలు తను రాసినవే అన్నా ఎవరూ కాదనరు.

తనేదో సంబంధం లేనివాడిలా, కింద 'ఉంచవచ్చని నా అభిప్రాయం' అని రాశాడు. పావుగంటలో ఒక పాతకాపు వచ్చి, 'కత్తెరగారు ఆధారం అడక్కుండా ఉంచుదామంటున్నారా! నేను సరైన చోటికే వచ్చానా?' అని నవ్వు బొమ్మ పెట్టి పోయాడు. మనవాడికి చెవులు వేడెక్కాయి.

ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. మంగళవారం భోజనాల వేళ ప్రూఫులు దిద్దే ముగ్గురిని పిలిచి, చిన్న సాయం చెయ్యమని అడిగి, ఖాతాలు ఎలా తెరవాలో చూపించి, ఏం రాయాలో చీటీ మీద రాసిచ్చాడు. ప్రూఫులు దిద్దేవాళ్ళు కదా, అసలు ప్రతిలో ఉన్నదాన్ని కామాతో సహా దించడం వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. ముగ్గురూ 'పేర్పు లేనిదే నేటి అచ్చురంగాన్ని ఊహించలేం' అని ఒక్క అక్షరం తేడా లేకుండా రాశారు. సాయంత్రానికి గోరింక ఆ మూడింటినీ అడ్డంగా కొట్టేసింది. 'ముగ్గురూ పదిహేను నిమిషాల తేడాలో పుట్టి ఒకే వాక్యం రాశారు, కాబట్టి లెక్కలోకి తీసుకోవడం లేదు. ఎవరో అభిమానం కొద్దీ చేసి ఉంటారు, తప్పు పట్టను' అని రాసింది.

ఆ 'తప్పు పట్టను' అన్నదే చెంపదెబ్బలా తగిలింది. తను ఎవరితోనూ ఏనాడూ ఆ మాట అనలేదు. మర్నాడు ప్రూఫుల అమ్మాయి మెట్ల దగ్గర ఆపి, "సార్, మేం రాసింది కొట్టేశారేంటి? మేమేమైనా తప్పు రాశామా?" అని అడిగితే, "ఏదో టెక్నికల్ సమస్యమ్మా" అని నీళ్ళు నమిలి జారుకున్నాడు.

గురువారం గోరింకే ఒక దారి చూపించింది. 'బైండర్ల సంఘం మూడు నెలలకోసారి వేసే పత్రికలో, పన్నెండేళ్ళ కిందటి సంచికలో పేర్పు మీద మూడు పేజీల వ్యాసం వచ్చినట్టు వాళ్ళ విషయసూచికలో ఉంది. ఆ సంచిక నాకు దొరకలేదు. ఎవరి దగ్గరైనా ఉంటే ఫోటోలు పంపండి. నోటీసు నేనే వెనక్కి తీసుకుంటాను.' కత్తెర కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తన ప్రోగ్రాము మీద మూడు పేజీలు! తనకే తెలియకుండా! అప్పటికప్పుడు ఫలానా ప్రెస్సు నుంచని చెప్పి సంఘం ఆఫీసుకి ఫోను చేశాడు.

"మా దగ్గర లేదండీ, గోదాములోకి నీళ్ళొచ్చి పాత సంచికలన్నీ నానిపోయాయి" అన్నాడు కార్యదర్శి. "అయినా మీ ప్రెస్సుకి రెండు కాపీలు పంపాం కదండీ అప్పట్లో. మీ బైండింగులో ఒకావిడ ఉండేవారు చూడండి, పొడుగ్గా, కళ్ళజోడు దారానికి కట్టుకుని. ఆవిడ పేరుమీదే పంపాం. వ్యాసం ఆవిడ గురించే కదా."

ఆ పొడుగావిడ మనవాడి వదిన.

వదిన అంటే సొంత అన్న భార్య, అదే ఇంట్లో పై వాటాలో ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు ఆ షెడ్డులో కాగితాలు మడిచి, కుట్టి, మూడేళ్ళ కిందటే మానేసింది. ఒకసారి అట్ట ఊడిపోయిన ప్రోగ్రామింగు పుస్తకం ఒకటి బైండింగుకి వస్తే, కుట్టడానికి ముందు చదివింది. కుట్టాక మళ్ళీ చదివింది. మూల పడేసిన పాత కంప్యూటరు ముందు భోజనాల వేళ కూర్చుని, ఏడాదిన్నర పాటు ఎడం చేత్తో తింటూ కుడిచేత్తో కొడుతూ పేర్పు రాసింది. చేతులు మారాయేమిటని అడిగితే, కంప్యూటరుకి జిడ్డు అంటుతుందని చెప్పేది. కాగితం మందం లెక్క ఆవిడ వేళ్ళకి తెలిసిన లెక్క, దాన్ని అంకెల్లోకి దింపింది. మనవాడు బొత్తాలూ రంగులూ పెట్టాడు, ఇంటర్నెట్‌లోకి ఎక్కించాడు. ఎక్కించేటప్పుడు ఎవరి పేరు పెట్టాలి అని అడిగితే, "నీ పేరే పెట్టేయ్, ఎవరైనా ఉత్తరం రాస్తే జవాబు చెప్పుకోవాల్సింది నువ్వేగా" అంది ఆవిడ.

ఆ ఒక్క మాటని అడ్డం పెట్టుకుని పదిహేనేళ్ళు బతికాడు. వదినే పెట్టమంది, నేనేం చేసేది అనుకునేవాడు. నిజమే, అతని పేరు పెట్టమంది. తన పేరు తీసెయ్యమని ఆవిడ అనలేదు. ఇరవై ఏళ్ళ అనుభవం కూడా పట్టుకుపొమ్మని అసలే అనలేదు.

ఆ సాయంత్రం మెట్లెక్కి వెళ్ళేసరికి వదిన కిటికీ దగ్గర కూర్చుని వేళ్ళకి వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటోంది. అన్నయ్య లోపల టీవీలో ఆట చూస్తున్నాడు. మనవాడు కూర్చోకుండానే విషయం చెప్పాడు, అది కూడా సగమే.

"పేజీ తీసేస్తారట వదినా. ఏదో పాత పత్రిక ఉంటే ఆగుతుందట. నీ దగ్గరుందని..."

"ఉంది" అంది వదిన. చేతులు తుడుచుకుని బీరువా తీసింది. వెతుక్కోలేదు, ఎక్కడుందో ఆవిడకి తెలుసు. ఆ పత్రికకి విడిగా గట్టి అట్ట కూడా వేసుకుంది.

మొదటి పేజీలో సగం మేర ఫోటో. కాగితం మడుస్తున్న వదిన చేతులు, వెనకాల మసగ్గా వదిన ముఖం. కింద ఆవిడ పేరు, ఆవిడ పుస్తకం కుట్టబోయి చదవడం, భోజనాల వేళ కంప్యూటరు, అన్నీ ఉన్నాయి. ఆ పేజీ చివర్లో 'మా మరిది దీన్ని బయటి ప్రపంచానికి చేర్చాడు, లేకపోతే ఇది ఆ మూల కంప్యూటర్లోనే ఉండిపోయేది' అని ఆవిడ అన్నట్టుగా ఉంది. పెద్ద మనసుతో అన్న మాట.

"ఎప్పుడిచ్చావు వదినా ఇది?"

"నువ్వు సెలవులో ఉన్నప్పుడు ఎవరో పిల్ల వచ్చింది, రాసుకుంటానంది. చెప్పాను. అబద్ధం చెప్పలేను కదా."

"నాకు చూపించలేదే."

"అప్పటికే నీ పేజీ చదివాను. పెట్టిన వారంలోనే చదివాను" అంది వదిన, కాపడం గుడ్డ పిండుతూ. "ఇది చూపిస్తే దెప్పినట్టుంటుందని ఊరుకున్నా."

సిగ్గంటే ఏమిటో మనవాడికి ఆ నిమిషంలో తెలిసింది. ఎవరైనా తిడితే వచ్చేది వేరు. పదమూడేళ్ళుగా రోజూ మొహం చూస్తూ, టీ అడిగి తాగుతూ, ఆ మనిషికి అంతా తెలుసని ఇప్పుడు తెలియడం వేరు.

"తీసుకెళ్ళు. పెట్టు" అంది వదిన. "ఈసారి సరిగ్గా పెట్టు, అంతే."

"అలాగే వదినా" అన్నాడు. అన్నప్పుడు నిజంగానే అన్నాడు, ఆ మాత్రం అతని తరఫున చెప్పాలి.

శుక్రవారం ప్రెస్సులో తలుపు దగ్గరికి వేసుకుని పత్రిక బల్ల మీద పరిచాడు. ఫోను చేతిలోకి తీసుకున్నాడు. మొదటి పేజీ పంపితే ఏమవుతుందో అప్పుడు కళ్ళకి కట్టింది. పేజీలో ఉన్నది అబద్ధమని తేలుతుంది. అబద్ధం ఎవరు రాశారని గోరింక వెతుకుతుంది, ఆ పాత ఖాతా దొరుకుతుంది, అక్కణ్ణుంచి కత్తెర దాకా రావడం ఎంతసేపు! పళ్ళ డాక్టరూ లెక్కల మాస్టారూ వరసగా గుర్తొచ్చారు. నాన్న పేజీ కోసం బతిమాలుకున్నావిడా గుర్తొచ్చింది.

రెండో పేజీ, మూడో పేజీ చూశాడు. వాటిలో ప్రోగ్రాము ఎలా పనిచేస్తుంది, ఎక్కడెక్కడ వాడుతున్నారు, జైలు మాస్టారు ఏమన్నారు, అదంతా ఉంది. ఆధారంగా అవి రెండూ బోలెడు. అడ్డమల్లా రెండో పేజీలో పై వాక్యం ఒక్కటే: 'ఇది రాసేనాటికి ఆమెకు నలభై ఒక్క ఏళ్ళు, కంప్యూటరు ముట్టుకుని ఏడాదిన్నరే.' మనవాడు ఆ పై అంచుని వెనక్కి మడిచాడు. గోటితో గట్టిగా రుద్దాడు. ఫోటో తీసి, అంచు మళ్ళీ విప్పేశాడు. 'రెండు పేజీలు జత చేశాను. పై అంచు కాస్త చిరిగింది. మొదటి పేజీ నిండా ఫోటోయే, విషయం ఏమీ లేదు' అని రాసి పంపేశాడు. పంపేటప్పుడు చెయ్యి వణకలేదు. వణికి ఉంటే బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

శనివారం మధ్యాహ్నానికల్లా పేజీ నిలిచింది. గోరింక తన నోటీసు వెనక్కి తీసుకుంది. 'ఇంత పాత పత్రికని వెతికి పట్టుకున్న కత్తెరగారికి నమస్కారం. ఆధారం అంటే ఏమిటో కొత్తవాళ్ళం వారి దగ్గర నేర్చుకోవాలి' అని రాసింది. పాతకాపు కూడా వచ్చి చప్పట్ల బొమ్మ పెట్టాడు. కత్తెర ఆ మాటలు చదువుతూ సగంలో మూసేశాడు. ఈ పన్నెండేళ్ళలో అతన్ని అక్కడ ఎవరూ ఇంతగా మెచ్చుకోలేదు. ఆ మెచ్చుకోలు తిన్నది వంటికి పట్టనట్టు కడుపులో అలాగే ఉండిపోయింది.

పత్రిక తిరిగి ఇచ్చేసి చేతులు దులుపుకుందామని మేడెక్కాడు. వదిన మంచి హుషారుగా ఉంది. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుంది.

"నిలబడిందటగా పేజీ! మీ అన్నయ్య చూసి చెప్పారు. పైన ఆ ఎర్ర నోటీసు పోయిందన్నారు. ఆయనకి అంతకు మించి చదివే ఓపిక లేదనుకో."

"నిలబడింది వదినా."

"మా చెల్లికి ఫోను చేసి చెప్పాను, చూడవే అని. పదిహేనేళ్ళ నుంచి చెబుతున్నా, ఆ ప్రోగ్రాము నేనే రాశానే అని. నమ్మితేనా! కంప్యూటర్లో మీ మరిది పేరుంటే నీదెలా అవుతుందక్కా అని నవ్వేది. వాళ్ళాయన ముందు, పిల్లల ముందు కూడా నవ్వింది. ఇవాళ చూసుకోనీ." వదిన నవ్వింది. "నాకేం అక్కర్లేదనే అనుకున్నానయ్యా ఇన్నాళ్ళూ. మొన్నట్నుంచి చూస్తే, నాకూ ఉందన్నమాట ఆశ."

మనవాడు పత్రిక అందించాడు. అందించి, వెనక్కి తిరిగి పోవాలనుకున్నాడు. కానీ అక్కడే నిలబడ్డాడు.

ముప్ఫై ఏళ్ళు మడతలతో బతికిన మనిషికి పత్రిక చేతిలో పెట్టగానే తెలిసిపోతుందన్న సంగతి అతనికి తట్టలేదు. జిగురు వాసన పడక షెడ్డుకి దూరంగా తిరిగినవాడికి ఎలా తడుతుంది! వదిన చూడకముందే బొటనవేలు ఆ అంచు మీద ఆగింది. పత్రిక తెరిచి, రెండో పేజీ పైన ఆ గీతని గోటితో ఒకసారి తడిమింది.

"ఇది నేను మడిచింది కాదే" అంది. "గోటితో రుద్ది మరీ మడిచారు. మడిచి విప్పింది కూడా ఒక్కసారే."

ఆ అంచుని వేళ్ళతో సవరించింది. దారానికి వేలాడుతున్న కళ్ళజోడు పెట్టుకుంది. మడత గీతకి పైనున్న వాక్యం చదివింది. మొదటి పేజీ తిప్పి చూసింది, మళ్ళీ రెండో పేజీకి వచ్చింది. ఆవిడ ముఖంలో హుషారు ఎలా పోయిందో మనవాడు దగ్గరుండి చూశాడు. చూడకుండా ఉండటానికి ఆ గదిలో ఇంకో చోటు లేదు.

అప్పుడే బల్ల మీద ఫోను మోగింది. వదిన అటు చూసింది.

"చెల్లి" అంది. తీయలేదు. అది మోగుతూనే ఉంది. లోపల్నుంచి అన్నయ్య, "ఎవరో చూడవే" అని కేకేశాడు. వదిన ఫోను తీసి, మాట్లాడకుండా, మరిది చేతిలో పెట్టింది.

"నువ్వు చెప్పు. నాకు మొహం చెల్లదు" అంది.

తప్పు చేసింది తనైతే మొహం చెల్లనిది ఆవిడకి. కత్తెర ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"అక్కా, పైనుంచి కిందిదాకా రెండుసార్లు చూశానే" అంటోంది అవతలి గొంతు, నవ్వుతూ. "మీ మరిది పేరే ఉంది, నీ పేరు ఎక్కడా కనబళ్ళేదు. పిల్లలు కూడా చూశారు. నేను వేరే పేజీ ఏమైనా చూస్తున్నానా?"

"అక్క కాదండీ, నేను మరిదిని" అన్నాడు. వదిన ఎదురుగా కూర్చుని, విప్పిన అంచుని అరచేత్తో సాఫు చేస్తోంది. "మీరు చూసింది సరైన పేజీయే. పేర్పు రాసింది మీ అక్కయ్యే, మొదటి అక్షరం నుంచీ. ఆవిడ పేరు అందులో లేకుండా చేసింది నేను."

అవతల నవ్వు ఆగిపోయింది.

"ఎప్పుడు?" అంది చెల్లెలు.

"పదమూడేళ్ళ కిందట ఒకసారి" అన్నాడు. "నిన్న ఇంకోసారి."